బటర్‌ఫ్లై కత్తిని రోజువారీ కోతలకు వాడడం ఎలా?

బటర్‌ఫ్లై నైఫ్ అనగానే చాలామందికి వేళ్ల మధ్య గిరగిరా తిరిగే కత్తే గుర్తొస్తుంది. ఆ విన్యాసాల గురించి ఇక్కడ రాయడం లేదు. అట్టపెట్టెలు కోయడానికి, తాళ్లు తెంచడానికి, ప్యాకింగ్ విప్పడానికి ఈ కత్తి పనికొస్తుందా, పనికొస్తే ఎలా వాడాలి అన్నదే విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోయడంలో ఈ కత్తికి వంక పెట్టలేం. తెరిచి పట్టుకుంటే మడవని కత్తిలా గట్టిగా నిలబడుతుంది. ఇబ్బంది అంతా తెరవడంలో, మూయడంలో, జేబులో పెట్టుకుని తిరగడంలో ఉంది. అందుకే దీన్ని పని బల్ల దగ్గర ఉంచుకుని, రెండు చేతులతో నెమ్మదిగా తెరిచి వాడుకునే వాళ్లకే నేను సిఫారసు చేస్తాను.

ఈ కత్తి పుట్టిల్లు ఫిలిప్పీన్స్. అక్కడ దీన్ని బాలిసాంగ్ అంటారు. దీనికి రెండు పిడులు ఉంటాయి. మూసినప్పుడు బ్లేడు వాటి మధ్య దాగుతుంది, తెరిచినప్పుడు అవి చెరోవైపు తిరిగి వెనక్కి వచ్చి కలుస్తాయి. బతాంగాస్ ప్రావిన్స్‌లోని తాల్ పట్టణం దీని తయారీకి పేరుపొందింది. అక్కడివాళ్లకు ఇది మొదటినుంచీ పనిముట్టే, జేబులో పెట్టుకునే మామూలు మడత కత్తి. 1983లో అమెరికాలో అమ్మకానికొచ్చిన మొదటి లెదర్‌మ్యాన్ మల్టీటూల్‌ను (చాలా పనిముట్లు ఒక్కదాంట్లోనే ఇమిడినది) చూసినా ఇదే పద్ధతి కనిపిస్తుంది. రెండు పిడులు చెరోవైపు తిరిగి వెనక్కి వచ్చి కలుసుకుంటాయి, మధ్యలోంచి పట్టకారు బయటికొస్తుంది. అంటే ఈ అమరికలో పనికిరానిదేమీ లేదు. లోపలున్నది పట్టకారా, పొడవాటి బ్లేడా అన్నదే తేడా.

కొనకముందే చట్టం చూసుకోండి

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే. దీన్ని దాటేసి మిగతా దశలు చదివినా ప్రయోజనం లేదు. చాలా దేశాలు ఈ కత్తిని మామూలు మడత కత్తిగా చూడవు. బ్రిటన్‌లో 1988 నుంచి దీని తయారీ, అమ్మకం, దిగుమతి నిషిద్ధం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 నుంచి ఇంట్లో దాచుకోవడం కూడా నేరమే. జర్మనీ 2003లో అమల్లోకొచ్చిన ఆయుధ చట్టంతో నిషేధించింది. కెనడాలో కూడా ఇది నిషిద్ధ ఆయుధమే. విసురుతో తెరుచుకునే కత్తులను అక్కడి చట్టం ఒప్పుకోదు. అమెరికాలో రాష్ట్రానికో రూలు ఉంది.

మీరుండే చోట చట్టంలో మూడు విషయాలు విడివిడిగా వెతకండి: కొనవచ్చా, ఇంట్లో ఉంచుకోవచ్చా, బయటికి తీసుకెళ్లవచ్చా. ఒకదానికి ఒప్పుకున్నంత మాత్రాన మిగతా రెండింటికీ ఒప్పుకున్నట్టు కాదు. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాని చోట కూడా జేబులో పెట్టుకుని తిరిగితే కేసు కావచ్చు. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అని చట్టం ఒప్పుకున్నట్టు అనుకోవద్దు. వేరే దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు, పార్సిల్ మీద మీ పేరే ఉంటుంది. మీ దగ్గర నిషేధం ఉంటే ఆలోచన అక్కడితో ఆపేసి, మామూలు మడత కత్తో కట్టరో తీసుకోండి. మీ కోతలన్నీ వాటితోనే అయిపోతాయి.

మీ పని దీనికి సరిపోతుందా?

ఒక వారం రోజులు మీరు ఏమేం కోస్తున్నారో గమనించండి. ఒక చేత్తో పెట్టె పట్టుకుని, రెండో చేత్తో కత్తి తీసి, కోసి, మళ్లీ జేబులో పెట్టేసే పని ఎక్కువగా ఉంటే ఈ కత్తి మీకు తగదు. దీన్ని జాగ్రత్తగా తెరవాలన్నా మూయాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నిచ్చెన మీద నిలబడి చేసే పనులకు, చేతి తొడుగులు వేసుకుని చేసే పనులకు కూడా పనికిరాదు. తొడుగు అంచు రెండు పిడుల మధ్య ఇరుక్కుంటుంది.

ఒకచోట కూర్చుని, కత్తి ఒకసారి తెరిచి, చాలాసేపు కోసే పని అయితే బాగా కుదురుతుంది. అట్టలు ముక్కలు చేయడం, తాళ్లు కొలతకు కోయడం, తోలు, ఫోమ్, రబ్బరు షీట్లు కోయడం ఇలాంటివి. మడత కత్తుల్లో లోపలి లాక్ ఎప్పుడైనా జారుతుందేమో అన్న భయం ఉంటుంది. ఇందులో ఆ భయం లేదు. రెండు పిడులనూ మీ గుప్పిటే బిగించి పట్టుకుంటుంది కాబట్టి, చెయ్యి వదలనంతవరకు బ్లేడు మూసుకోదు. ఈ కత్తికున్న అసలైన లాభం ఇదే.

ఎలాంటిది ఎంచుకోవాలి

మార్కెట్లో ఎక్కువగా కనిపించే వాటికి బ్లేడు 4 నుంచి 4.5 అంగుళాలు ఉంటుంది. రోజువారీ పనికి అంత అవసరం లేదు. 3 నుంచి 3.5 అంగుళాలది దొరికితే అదే మేలు. బ్లేడు పొట్టిదైతే పిడులు కూడా పొట్టిగా ఉంటాయి, తిప్పేటప్పుడు చేతికి అందుబాటులో ఉంటాయి.

బ్లేడు ఆకారం సాదాగా ఉండాలి. కోత అంచు ఒకవైపే ఉండి, మొన దగ్గర కొద్దిగా వంపు తిరిగినది అన్ని పనులకూ వస్తుంది. పాములా మెలికలు తిరిగినవి, రెండు వైపులా పదును ఉన్నవి చూడ్డానికి గొప్పగా ఉంటాయి కానీ సాన పట్టడం కష్టం. రెండంచుల బ్లేడు మీద బొటనవేలు ఆనించే చోటే ఉండదు. పైగా చాలాచోట్ల రెండంచుల కత్తి మీద చట్టం మరింత కఠినంగా ఉంటుంది.

పిడి నిర్మాణం రెండు రకాలు. ఒకే లోహపు ముక్కను తొలిచి కాలువలా చేసినది ఒకటి, రెండు రేకుల మధ్య దిమ్మలు పెట్టి స్క్రూలతో బిగించినది రెండోది. మొదటిది గట్టిగా ఉంటుంది, రెండోది విప్పి కడగడానికి సులువు. పని కోసమే అయితే నేను రెండోదానికే ఓటేస్తాను. ఎందుకో శుభ్రం చేసే దశలో తెలుస్తుంది. పిడులు తిరిగే ఇరుసుల దగ్గర స్క్రూలు ఉన్నాయో, కొట్టి బిగించిన పిన్నులు ఉన్నాయో చూడండి. పిన్నులదైతే లూజైన రోజు మళ్లీ బిగించే దారి ఉండదు.

గడియ సంగతి కూడా చూడాలి. పిడులు రెండూ నొక్కితే టప్పున ఎగిరి తెరుచుకునే స్ప్రింగ్ గడియలు ఉన్నాయి. పని కత్తికి అవి వద్దు. జేబులోనో సంచిలోనో ఏదైనా ఒత్తుకుంటే తెరుచుకుంటాయి. వేలితో నెడితే తప్ప కదలని గట్టి గడియ ఉన్నది తీసుకోండి. గడియ అసలే లేని కత్తులూ ఉన్నాయి, వాటిని విన్యాసాలు చేసేవాళ్లకు వదిలేద్దాం.

ఏ పిడి ఏదో ముందు గుర్తుపట్టండి

కత్తి మూసి ఉన్నప్పుడు ఒక పిడి బ్లేడు వెన్నును కప్పుతుంది, రెండోది పదునైన అంచును కప్పుతుంది. అలవాటైనవాళ్లు మొదటిదాన్ని సేఫ్ హ్యాండిల్ అని, రెండోదాన్ని బైట్ హ్యాండిల్ అని అంటారు. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు ఆధారంగా పట్టుకోవాల్సింది సేఫ్ పిడినే. ఎందుకంటే దాని కాలువలోకి మొద్దు వైపే వచ్చి పడుతుంది.

గడియ ఏ పిడికి ఉందో చూసి గుర్తుపట్టవచ్చని కొందరు చెబుతారు. అన్ని కత్తుల్లో గడియ ఒకే పిడికి ఉండదు కాబట్టి దాన్ని నమ్మవద్దు. కొత్త కత్తి చేతికి రాగానే బల్ల మీద పెట్టి, నెమ్మదిగా విప్పి, వెన్ను ఏ పిడిలో కూర్చుంటోందో చూడండి. ఆ పిడి బయటి వైపున రంగు చుక్కో, సన్నటి టేపు ముక్కో అంటించండి. చూడ్డానికి బాగుండకపోవచ్చు కానీ, చీకట్లోనూ తొందరలోనూ మీ వేళ్లను కాపాడేది ఆ గుర్తే. చేత్తో తడిమితే తెలిసేలా ఉంటే ఇంకా మంచిది.

తెరవడం

కూర్చోండి. కత్తిని ఒడి మీద కాకుండా బల్ల మీదుగా పట్టుకోండి. చుట్టూ ఒక చాచిన చెయ్యి దూరంలో ఎవరూ ఉండకూడదు.

గడియ తీయండి. పని చేసే చేత్తో సేఫ్ పిడిని రెండు పక్కల నుంచి పట్టుకోండి. బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఇంకో పక్క ఉండాలి. ఏ వేలూ పిడి చుట్టూ తిరిగి కాలువ వైపుకు రాకూడదు. మొదట్లో ఇది వింతగా అనిపిస్తుంది, ఎందుకంటే దేన్నైనా గుప్పిటతో చుట్టి పట్టుకోవడమే మనకు అలవాటు.

ఇప్పుడు రెండో చేత్తో బైట్ పిడి చివర పట్టుకుని బయటికి, సేఫ్ పిడికి దూరంగా తిప్పండి. అర చుట్టు తిరిగేసరికి అది బ్లేడు మొదట్లో ఉండే పిన్నుకు తగిలి ఆగుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇప్పుడు బ్లేడు పదును బయటికి కనిపిస్తోంది, వెన్ను మాత్రం సేఫ్ పిడిలోనే ఉంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన స్థితి ఇదే. వేళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి.

తర్వాత బైట్ పిడిని అదే దిశలో ఇంకా తిప్పుతూ పోండి. దాంతోపాటే బ్లేడు కూడా సేఫ్ పిడిలోంచి లేచి బయటికొస్తుంది. బైట్ పిడి పూర్తి చుట్టు తిరిగి వచ్చి సేఫ్ పిడి పక్కన చేరుతుంది. రెండూ కలిశాక గడియ వేయండి. గడియ వేయకుండా కోయడం మొదలుపెట్టవద్దు. గుప్పిట బిగించినంతసేపు బ్లేడు గట్టిగానే ఉంటుంది కానీ, పట్టు మార్చుకునేటప్పుడు పిడులు విడిపోతాయి.

ఇదంతా ఐదారు సెకన్ల పని. విసిరి తెరిస్తే ఒక సెకనులో అవుతుంది, నిజమే. కానీ మిగిలే ఆ నాలుగైదు సెకన్లతో మీకు ఒరిగేదేమీ లేదు. విసరడం నేర్చుకోవాలన్న సరదా ఉంటే దానికి పదును లేని, బ్లేడుకు బెజ్జాలున్న ట్రైనర్ (సాధన కత్తి) కొనుక్కోండి, అది కూడా మీ దగ్గర చట్టం ఒప్పుకుంటేనే. పని కత్తిని, ఆట కత్తిని ఒకటి చేయవద్దు.

పట్టుకోవడం, కోయడం

తెరిచిన కత్తిలో సేఫ్ పిడి అరచేతి వైపు, బైట్ పిడి వేళ్ల వైపు ఉంటాయి. అంటే బ్లేడు పదును వేళ్లు ముడుచుకున్న వైపుకే ఉంటుంది, మామూలు కత్తిలాగే. కానీ ఇందులో వేలు ముందుకు జారకుండా ఆపే అడ్డు సరిగా ఉండదు. చూపుడువేలు ఇరుసు స్క్రూ దాటి ముందుకు పోకూడదు. బొటనవేలిని పిడి పక్కన ఉంచండి. సన్నటి కోత కావాల్సినప్పుడు మాత్రం వెన్ను మీదికి తీసుకురండి.

అట్టపెట్టె మీది టేపు కోసేటప్పుడు మొన దగ్గరి 2 సెంటీమీటర్ల మేర మాత్రమే వాడండి. పొడవాటి బ్లేడుతో జరిగే సాధారణ పొరపాటు ఏమిటంటే, టేపుతో పాటు లోపలి సరుకు కూడా తెగుతుంది. కత్తిని నిలువుగా దించకుండా, దాదాపు పడుకోబెట్టి లాగండి. పెట్టెలను ముక్కలు చేయాల్సినప్పుడు మాత్రం పొడవు లాభమే. మొదటి నుంచి మొన వరకు బ్లేడంతా ఉపయోగించి ఒక్క లాగులో కోయండి, ముందుకూ వెనక్కూ రంపంలా గుంజవద్దు.

తాడు కోసేటప్పుడు తాడునే వంపుగా మడిచి, ఆ వంపులోపల బ్లేడు పెట్టి మీ నుంచి దూరంగా లాగండి. ప్లాస్టిక్ జిప్ టైలకు మాత్రం ఈ కత్తి తగదు. టై ఒక్కసారిగా తెగినప్పుడు చెయ్యి విసురుగా ముందుకు పోతుంది, పొడవాటి మొన ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పలేం. వాటికి కటింగ్ ప్లయర్ వాడండి.

చెక్క చెక్కడానికి కాసేపైతే పర్వాలేదు. ఎక్కువసేపు ఒత్తి పడితే పిడుల అంచులు అరచేతిలో గుచ్చుకుంటాయి. దేన్నీ ఈ కత్తితో పెకలించవద్దు, మెలితిప్పవద్దు. పక్కకు పడే బలమంతా రెండు చిన్న ఇరుసుల మీదే పడుతుంది. ఒకసారి వంగితే పిడులు మళ్లీ సూటిగా కలవవు, గడియ పడదు.

తినేవి కోయవచ్చా అని అడుగుతుంటారు. కోయవచ్చు కానీ నేను వద్దంటాను. రసం కాలువల్లోకి, ఇరుసుల్లోకి పోతుంది. అక్కడికి స్పాంజి చేరదు. వంటింటి కత్తి ఉండగా దీనికి ఆ పని అప్పగించనవసరం లేదు.

మూయడం

తెరిచిన దారినే వెనక్కి నడవాలి. గడియ తీసి, సేఫ్ పిడిని మళ్లీ పక్కల నుంచే పట్టుకోండి. రెండో చేత్తో బైట్ పిడిని వచ్చిన దారినే వెనక్కి తిప్పండి. బ్లేడు వెన్ను ముందుగా వచ్చి సేఫ్ పిడి కాలువలో కూర్చుంటుంది. తర్వాత బైట్ పిడి వచ్చి పదునును కప్పుతుంది. ఈ చివరి ఘట్టంలో గడియ ఊగుతూ వచ్చి బ్లేడు అంచుకు తగులుతుంది, తగిలిన ప్రతిసారీ అంచు మీద చిన్న నొక్కు పడుతుంది. కాబట్టి గడియను వేలితో పక్కకు పట్టి ఉంచి మూయండి.

పని అయిపోయింది కదా అని బ్లేడు కిందికి వదిలేసి బరువుతో మూసుకోనివ్వకండి. పడిపోతున్న కత్తిని పట్టుకోబోవద్దు కూడా. చేతిలోంచి జారితే చెయ్యి, కాళ్లు వెనక్కి లాగేసుకోండి. మొన విరిగితే మళ్లీ సాన పట్టవచ్చు.

శుభ్రం చేయడం

దీనికి మామూలు మడత కత్తి కన్నా ఎక్కువ శ్రద్ధ కావాలి. ఇరుసులు రెండు, కాలువలు రెండు, ఒక గడియ. అట్ట నుంచి రాలే పొడి, టేపు జిగురు ఇరుసుల దగ్గర చేరి గట్టిపడతాయి. తిప్పేటప్పుడు ఒకచోట పట్టేసినట్టు అనిపిస్తే అదే కారణం. అప్పుడు బలం పెట్టి తిప్పితే పిడి ఒక్కసారిగా వదులుతుంది, వేళ్లు తెగేది సరిగ్గా అలాంటప్పుడే.

జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. కాలువల్లోకి ఇయర్ బడ్, మూలల్లోకి పాత టూత్ బ్రష్ బాగా పోతాయి. తుడిచేటప్పుడు గుడ్డను వెన్ను వైపు నుంచి పదును వైపుకు జరపండి, అంచు వెంట నిలువుగా లాగవద్దు. ఆరాక ఒక్కో ఇరుసులో ఒక్క చుక్క పలచటి నూనె వేసి, అటూ ఇటూ తిప్పి, పైకి వచ్చినది తుడిచేయండి. నూనె ఎక్కువైతే మళ్లీ దుమ్మే పట్టుకుంటుంది.

ఇరుసు స్క్రూలు వాడకంలో వదులవుతాయి. కత్తి తెరిచి, గడియ వేసి, బ్లేడును మందపాటి గుడ్డతో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. కొద్దిగా కదలడం ఈ కత్తుల్లో మామూలే. టకటక చప్పుడొచ్చేంత కదిలితే బిగించాలి. సరిపోయే టార్క్స్ బిట్‌తో (నక్షత్రం ఆకారపు మొన ఉన్నది) స్క్రూ తీసి, మరలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) చాలా కొంచెం రాసి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ పిడి తిరుగుడు చూసుకోండి. ఎరుపు రంగుది వాడితే మళ్లీ విప్పడానికి వేడి చేయాల్సి వస్తుంది. థ్రెడ్‌లాకర్ లోపలి వాషర్లకో బేరింగులకో అంటితే పిడి బిగుసుకుపోతుంది, అందుకే సూది మొనంత చాలు.

సాన పట్టడం

కత్తి తెరిచి, గడియ వేసి, పిడుల చుట్టూ రెండు చుట్లు టేపు వేయండి. రాయి మీద రుద్దేటప్పుడు గడియ ఊడితే పిడి వచ్చి మీ వేళ్ల మీదే పడుతుంది. పదును బాగా పోయి ఉంటే 400 గ్రిట్ రాయితో (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది) మొదలుపెట్టి 1000తో ముగించండి. రోజువారీ పనికి అంతకన్నా నున్నటి అంచు అక్కర్లేదు, అట్ట కోయడానికి కాస్త గరుకైన అంచే బాగుంటుంది. ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల కోణం పట్టండి. వెన్ను మీద మొన దగ్గర పల్చగా అరగదీసిన భాగం ఉంటే అది అలంకారానికే అనుకుని వదిలేయండి. దానికి పదును పెడితే మీ కత్తి రెండంచులది అవుతుంది.

ఎక్కడ ఉంచాలి, ఎలా తీసుకెళ్లాలి

నా ఉద్దేశంలో దీని చోటు పని బల్ల సొరుగు, అదీ తాళం ఉన్నది. పిల్లలకు ఈ కత్తి ఆకారం ఆటబొమ్మలా కనిపిస్తుంది, మామూలు కత్తి కన్నా ఎక్కువగా ఆకర్షిస్తుంది.

చట్టం ఒప్పుకున్న చోట బయటికి తీసుకెళ్లాల్సి వస్తే ఒరలో పెట్టి, ఆ ఒరను పనిముట్ల సంచిలో అడుగున పెట్టండి. వదులుగా జేబులో వేసుకోవద్దు. గడియ ఊడితే పిడులు విడిపోయి మొన బయటికొస్తుంది. విమానం క్యాబిన్‌లోకి ఎలాగూ తీసుకెళ్లలేరు. పది మందిలో తెరవాల్సి వస్తే మానుకోండి. మీరు ఎంత నెమ్మదిగా తెరిచినా చూసేవాళ్లకు టెన్షన్ తప్పదు, వాళ్లను తప్పుపట్టలేం కూడా. అలాంటి చోట్ల కోయడానికి సంచిలో ఒక చిన్న కట్టర్ ఉంచుకోండి.

ఎవరైనా ఒకసారి ఇవ్వమని అడిగితే కత్తి ఇవ్వకుండా, ఆ కోత మీరే కోసి పెట్టండి. ఏ పిడి ఏదో తెలియనివాళ్లు తెరిచిన కత్తిని మూయబోయి తప్పు పిడిని పట్టుకుంటారు. మీరు అంటించిన రంగు చుక్కకు అర్థం వాళ్లకు తెలియదు.